డర్హమ్‌లో పరుగుకు మంచి దారులు చెప్పండి, రోజూ ఒకే పేవ్‌మెంట్ మీద విసుగొచ్చింది

కొత్తపరుగు:

నమస్తే అండీ. సెప్టెంబర్ చివర్లో చదువుకోసం ఇంగ్లండ్‌లోని డర్హమ్ వచ్చాను. ఎల్వెట్ వంతెనకు పది నిమిషాల నడకలో నా గది. ఇంటి దగ్గర గ్రౌండ్‌లో రౌండ్లు కొట్టేదాన్ని, ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలను, అంతకు మించి ఎప్పుడూ వెళ్లలేదు. ఇక్కడికొచ్చాక ఆరు వారాల నుంచి అదే పేవ్‌మెంట్, అదే ఐదు కిలోమీటర్లు, పక్కన కార్లు, మాటిమాటికీ సిగ్నళ్లు. కిటికీలోంచి చూస్తే కెథెడ్రల్ గోపురాలు, వాటి కింద చెట్లు కనిపిస్తాయి, నేనేమో వాటికి వీపు పెట్టి రోడ్డు మీద పరిగెత్తుతున్నాను. అస్సలు బాగోలేదు.

వారంలో రెండు మూడు రోజులకి చిన్న దారి, ఆదివారానికి కాస్త పొడవైనది కావాలి. ఎత్తులు అలవాటు లేవు, చేసుకోవాలని ఉంది. అసలు టెన్షన్ ఏంటంటే క్లాసులు అయ్యేసరికి నాలుగున్నర, అప్పటికే చీకటి, ఒక్కదాన్నే వెళ్లాలి. ఇంకోటి, పది రోజులుగా కుడి కాలు ముందు ఎముక వెంబడి నొప్పిగా ఉంటోంది, పరుగు మొదట్లో ఎక్కువ, తర్వాత తగ్గుతోంది. మానేయాలా?


వియర్‌గట్టు:

చెల్లీ, నాలుగేళ్లుగా ఈ ఊళ్లోనే ఉద్యోగం, ఈ ఊళ్లోనే పరుగు. దారుల కంటే ముందు ఊరి ఆకారం మనసులో పెట్టుకో, మిగతాదంతా అదే అర్థమవుతుంది. వియర్ నది గుర్రపు నాడాలాగా మూడు వైపులా తిరిగి పోతుంది, మధ్యలో గుట్ట, గుట్ట మీద కోట, కెథెడ్రల్. 995లో సెయింట్ కత్‌బర్ట్ అనే క్రైస్తవ సాధువు అవశేషాలు మోసుకుంటూ వచ్చిన సన్యాసులు ఆగింది ఆ గుట్ట మీదే. మూడు వైపులా నీళ్లు, పైగా నిటారు గట్టు, ఎవడొచ్చినా ఎక్కడం కష్టం. ఇప్పుడున్న కెథెడ్రల్ 1093లో మొదలుపెట్టారు. వాళ్లకి కాపలా కాసిన ఆ నిటారు గట్టు వల్లే మనకి రెండు అంతస్తుల్లో దారి దొరికింది: కింద నీటి పక్కన చెట్ల నీడలో మట్టి బాట, పైన రాళ్లు పరిచిన బెయిలీ వీధులు. వెలుతురు ఉండి నది ప్రశాంతంగా ఉంటే కింద. చీకటి పడినా, రెండు రోజులు వాన కురిసినా పైన. నేను నాలుగేళ్లుగా పాటించేది ఇదొక్కటే.

కింది దారి ఇలా వెళ్లు. ఫ్రామ్‌వెల్‌గేట్ వంతెన దాటి అవతలి గట్టున దిగి, నదిని ఎడమ చేతివైపు ఉంచుకుని పరిగెత్తు. కాసేపటికి ఆనకట్ట, అవతల పాత ఫుల్లింగ్ మిల్ (ఉన్ని బట్టని దట్టం చేసిన మిల్లు), దాని నెత్తి మీద కెథెడ్రల్ మొత్తం కనిపిస్తుంది. ఈ ఊరి ఫొటోల్లో సగం అక్కడ నిలబడి తీసినవే. ముందుకెళ్తే ప్రెబెండ్స్ వంతెన వస్తుంది, 1771 వరదలో పాతది కొట్టుకుపోతే 1778 నాటికి కట్టింది ఇది. వంతెన దాటి లోపలి గట్టు పట్టుకుని ఎల్వెట్ వంతెన దగ్గర పైకి వచ్చెయ్. చిన్న చుట్టే, మొత్తం కలిపి మూడు కిలోమీటర్లు కూడా రాదు. ఇంకా కావాలంటే రెండోసారి తిరగేసి వెళ్లు. అదే నది ఎదురు దిక్కు నుంచి వేరేలా ఉంటుంది, నాకింకా విసుగు రాలేదు.

కానీ ఆ బాట మీద చాలాచోట్ల లైట్లు లేవు, కొన్నిచోట్ల నీటికి అడ్డంగా ఏమీ ఉండదు, నవంబర్‌లో తడి ఆకుల కింద చెట్ల వేర్లు కనపడవు. నాలుగున్నర తర్వాత హెడ్ టార్చ్ ఉన్నా సరే, ఒంటరిగా అక్కడికి వెళ్లొద్దు. అందం ఎక్కడికీ పోదు, శనివారం పగలు వెళ్దువుగాని.

చీకట్లో ఇలా: ఎల్వెట్ వంతెన, శాడ్లర్ స్ట్రీట్ ఎత్తు, నార్త్ బెయిలీ, అక్కణ్నుంచి బో లేన్ దిగితే కింగ్స్‌గేట్ వంతెన, దాటితే న్యూ ఎల్వెట్, మళ్లీ మొదటికి. కిలోమీటరుకి అటూ ఇటూ ఉంటుంది, నాలుగైదు చుట్లు వేసుకోవచ్చు, స్టూడెంట్లు తిరుగుతూనే ఉంటారు, దీపాలు ఉంటాయి. ఆ కింగ్స్‌గేట్ వంతెన 1963ది, రెండు సగాలుగా చెరో గట్టు మీద కట్టి, తర్వాత గుండ్రంగా తిప్పి నది మధ్యలో కలిపారు. నడిమధ్య ఆ అతుకు కనిపిస్తుంది, ఒక్క క్షణం ఆగి చూడు.


బురదకాళ్లు:

పైన అక్క చెప్పిన కింది దారికి తిరుగులేదు. కానీ ఎముక నొప్పి ఉన్న మనిషిని రాళ్లు పరిచిన వీధిలో నాలుగైదు చుట్లు తిరగమనడం నాకు నచ్చలేదు. తడిస్తే ఆ రాళ్లు జారతాయి, పైగా బో లేన్ దిగేటప్పుడు ప్రతి అడుగులో బరువంతా కాలి ముందు ఎముక మీద, తొడల మీద పడుతుంది. ఒకటి రెండు చుట్లు చాలు, అదీ నొప్పి తగ్గాక.

నొప్పి సంగతికొస్తే, మీరు చెప్పినట్టు పొడవునా పరుచుకుని, వేడెక్కాక తగ్గేదైతే సాధారణంగా అలవాటు లేని గట్టి నేల, ఒక్కసారిగా పెరిగిన దూరం వల్ల వస్తుంది. రెండు వారాలు దూరం సగానికి తగ్గించి మెత్తటి నేల మీదకి మారండి. అలా కాకుండా ఎముక మీద ఒక్క వేలితో నొక్కితే సరిగ్గా ఒకే చోట పొడిచినట్టుంటే, కూర్చున్నప్పుడు, రాత్రిపూట కూడా ఉంటే, వెంటనే పరుగు ఆపి జీపీకి (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్‌కి) చూపించండి. ఎముకలో సన్నటి పగులు కావచ్చు, దాని మీద పరిగెత్తితే నెలలు పోతాయి. నేను ఒకసారి మొండికేసి పరిగెత్తాను, ఆ ఏడాది వసంతం మొత్తం కిటికీలోంచి చూస్తూ గడిపాను.

మెత్తటి నేల మీకు పక్కనే ఉంది. ఎల్వెట్ నుంచి నది వెంబడి తూర్పుకి వెళ్తే రేస్‌కోర్స్ అని పెద్ద పచ్చిక మైదానాలు, పేరే గానీ ఇప్పుడు గుర్రాలు లేవు. (జూలైలో గని కార్మికుల గాలా ఉత్సవం రోజున మాత్రం అక్కడ కాలు పెట్టే చోటుండదు, రెండో శనివారం.) అది దాటి ఇంకా వెళ్తే మెయిడెన్ కాజిల్. కాజిల్ అంటే కోట అనుకోకండి, చెట్లు కమ్మిన గుట్ట, ఇనుపయుగం నాటి స్థావరం, దాని పాదాల దగ్గర యూనివర్సిటీ ఆటల మైదానాలు. అక్కడే శనివారం ఉదయం 9కి పార్క్‌రన్ అని అందరూ కలిసి పరిగెత్తే కార్యక్రమం, ఐదు కిలోమీటర్లు, డబ్బులేమీ కట్టక్కర్లేదు, ఒక్కసారి రిజిస్టర్ చేసుకుని బార్‌కోడ్ తీసుకెళ్తే చాలు. ఒంటరిగా వెళ్లాల్సి వస్తోందన్నారు కదా, ముందు అక్కడికి వెళ్లండి. మీ వేగంలో పరిగెత్తేవాళ్లు ఇద్దరు దొరికితే సాయంత్రం సమస్య సగం తీరినట్టే.

ఎత్తు అలవాటు కావాలంటే సౌత్ స్ట్రీట్. ఫ్రామ్‌వెల్‌గేట్ వంతెన చివర మొదలై నిటారుగా పోతుంది, ఎక్కుతుంటే నదికి అవతల కెథెడ్రల్ మీతోపాటు పైకి లేస్తున్నట్టుంటుంది. మొదటి నెల ఎక్కేటప్పుడు పరిగెత్తండి, దిగేటప్పుడు నడవండి. ఎండిన రోజైతే అబ్జర్వేటరీ కొండ గడ్డి ఇంకా మంచిది. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది, గాలి మాత్రం గట్టిగా కొడుతుంది.

గ్రేట్ హై వుడ్ అడవిలోకి వెళ్లాలంటే ట్రెయిల్ షూస్ ఉండాల్సిందే. రోడ్డు బూట్లతో ఈ ఊరి బంకమట్టిలో దిగితే పడతారు, ఇందులో సందేహం లేదు.


పాతరైలు:

ఆదివారం పొడవు పరుగు గురించి ఎవరూ చెప్పలేదు. నా లెక్కలో ఈ చుట్టుపక్కల ఉన్న అసలు సంపద పాత రైలుదారులే. ఇది బొగ్గు గనుల జిల్లా, ప్రతి లోయలోకీ పట్టాలు వేశారు, 1960ల కల్లా రైళ్లు ఆగిపోయాయి, పట్టాలు పీకేశాక ఆ దారుల్ని నడిచేవాళ్లకీ సైకిళ్లకీ గుర్రాలకీ ఇచ్చారు. ఊరికి పడమట బ్రూమ్‌పార్క్ దగ్గర మూడు దారులు కలుస్తాయి: బ్రాండన్ నుంచి బిషప్ ఆక్‌లాండ్ వెళ్లేది దాదాపు 15 కిలోమీటర్లు, లాంచెస్టర్ లోయది 19 దాకా, ఇంకోటి డియర్‌నెస్ లోయది.

ఎత్తులు అలవాటు లేవన్నావు కదా, ఇవి చక్కగా సరిపోతాయి. ఆవిరి ఇంజన్ ఇనుప చక్రం ఇనుప పట్టా మీద నిటారు ఎక్కలేదు, జారిపోతుంది. అందుకే గుట్ట వస్తే తవ్వారు, పల్లం వస్తే మట్టి పోసి కట్ట వేశారు. నీకు ఎక్కుతున్నట్టే తెలియదు, వెనక్కి తిరిగాక ఊపిరి తేలికైతే అప్పుడు అర్థమవుతుంది. రెండు పక్కలా చెట్లు, మధ్యలో ఒక్కసారిగా తెరుచుకుని పొలాలు, గొర్రెలు, దూరంగా కొండలు, మళ్లీ చెట్ల సొరంగం. ఇంత ఉండి సిగ్నల్ ఒక్కటీ లేదు!

బ్రాండన్ దారిలో మొదటి రోజు మూడు కిలోమీటర్లు వెళ్లి వెనక్కి రా. వారానికి ఒక కిలోమీటరు కంటే ఎక్కువ పెంచకు, మాట్లాడగలిగే వేగం దాటకు. ఏదో ఒక రోజు బిషప్ ఆక్‌లాండ్ దాకా వెళ్తావు, చివర న్యూటన్ క్యాప్ వంతెన మీంచి వియర్ మళ్లీ కనిపిస్తుంది, నువ్వు వదిలి వచ్చిన నదే. తిరుగు ప్రయాణం బస్సులో. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకో, వెనక సైకిల్ గంట వినపడాలి.


కొత్తపరుగు:

అందరికీ చాలా థాంక్స్. ఎముక వేలితో నొక్కి చూశాను, ఒక చోట అని కాదు, పొడవునా ఉంది, రాత్రి ఉండట్లేదు. రెండు వారాలు దూరం సగానికి తగ్గించాను, రేస్‌కోర్స్ గడ్డి మీద తప్ప ఎక్కడా పరిగెత్తలేదు. చాలావరకు తగ్గింది. మొన్న శనివారం పార్క్‌రన్‌కి వెళ్లాను, అక్కడ పరిచయమైన ఇద్దరితో మంగళవారం సాయంత్రాలు కుదిరాయి. నిన్న మధ్యాహ్నం క్లాసు లేదు, మొదటిసారి కింది దారిలో వెళ్లాను అక్కా. ఆనకట్ట దగ్గర ఆగిపోయాను, వాచీ ఆపడం కూడా మర్చిపోయాను. రెండు నెలలు దీని పక్కనే ఉండి చూడలేదంటే బాధేసింది.

ఒక్క ప్రశ్న. మ్యాప్‌లో ఊరికి ఉత్తరాన నది పక్కన ఫించేల్ ప్రయరీ అని ఉంది, అక్కడిదాకా పరిగెత్తొచ్చా?


వియర్‌గట్టు:

చదివి సంతోషమేసింది చెల్లీ. రాత అలా ఉన్నా ఇక్కడివాళ్లు ఫింకల్ అంటారు, దారి అడిగితే అలాగే అడుగు. సన్యాసుల పాత మఠం, గోడలే మిగిలాయి, నది వంపులో, చుట్టూ అడవి. ఊరి నుంచి ఒకవైపే ఆరు కిలోమీటర్ల పైనే, వియర్‌డేల్ వే అనే పొడవైన కాలిబాట గుర్తులు చూసుకుంటూ వెళ్లాలి. పొలాల మధ్య పసుపు బాణం కనిపిస్తే అది కాలిబాట, నడిచే హక్కు అందరికీ ఉంది, గేటు నువ్వు వచ్చేసరికి ఎలా ఉందో అలాగే ఉంచు, ఆవులుంటే పరుగు ఆపి దూరంగా నడిచి దాటు.

ఇప్పుడు మాత్రం వద్దు. డిసెంబర్‌లో పొద్దు మూడు నలభైకే కుంకుతుంది, పొలాలు బురద, నీకు పన్నెండు కిలోమీటర్లు ఇంకా రాలేదు. ఈ చలికాలం రైలుదారిలో దూరం పెంచుకో. ఏప్రిల్ చివరికి గట్టంతా అడవి వెల్లుల్లి తెల్లగా పూస్తుంది, పరిగెత్తుతుంటే ఆ వాసన ముందే తగులుతుంది. అప్పుడు ఒక ఆదివారం పొద్దున్నే నేను కూడా వస్తాను, ఏప్రిల్ మొదట్లో ఇక్కడే గుర్తుచెయ్.