రెంబ్రాంట్ గవ్వ చుట్టు ఎదురు ఎందుకు తిరిగింది?

ప్రశ్న:
డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1650లో రాగిరేకు మీద గీసి ముద్రించిన గవ్వ బొమ్మను ఈ మధ్య పెద్దది చేసి చూశాను. సుమారు 13 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే ఉన్న ఆ బొమ్మలోని గవ్వ జాతి పేరు కోనస్ మార్మోరియస్. నా దగ్గర అదే జాతి గవ్వ ఒకటి ఉంది. దాన్ని పక్కన పెట్టి పోల్చితే, బొమ్మలో చుట్టు ఎదురుదిశలో తిరిగి ఉంది. సంతకం, సంవత్సరం మాత్రం సరిగ్గానే చదవగలుగుతున్నాం. మచ్చమచ్చనూ అంత శ్రద్ధగా గీసిన మనిషి దీన్ని ఎలా వదిలేశాడు?

సమాధానం 1:
రేకు మీద ఉన్నది కాగితం మీదికి అద్దంలోలాగా తిరగబడి వస్తుందండీ. ఎదుట ఉన్న గవ్వను చూసింది చూసినట్లు రేకు మీద గీస్తే అచ్చులో చుట్టు తారుమారవుతుంది. అక్షరాలు తిరగబడితే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది కనుక సంతకాన్ని రేకు మీదే తిప్పి రాశాడు. (విద్యార్థిగా ఉన్నప్పుడు జింకు రేకు మీద నా పేరును మామూలుగా రాసి నవ్వులపాలయ్యాను.) గవ్వ విషయంలో ఆయనకు కావలసింది నునుపు, నీడ, బరువు అని నా అభిప్రాయం. మైనపు పూత మీద సూదితో గీసి, ఆమ్లంతో రాగిని కరిగించడంతో ఆయన ఆగలేదు. ఉలితో కొన్ని గీతలు చెక్కాడు, మరికొన్ని చోట్ల సూదితో నేరుగా రాగిని దున్నాడు. అలా దున్నినప్పుడు గీత పక్కన లేచే గరుకు అంచు సిరాను పట్టి ఉంచి మఖమల్ లాంటి నలుపునిస్తుంది. మొదటి దశ అచ్చుల్లో గవ్వ వెనుక అంతా ఖాళీగానే ఉంటుంది. ఇప్పుడు మనం అక్కడ చూసే చీకటిని తర్వాతే చేర్చాడు.

సమాధానం 2:
చిత్రకారుడికి చెల్లింది కానీ, ప్రకృతి గ్రంథానికి అది చెల్లదు. ప్రకృతి చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ దక్షిణ అమెరికాలోని సురినాం పురుగుల మీద 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువరించిన పుస్తకంలోని 60 ఫలకాల్లో ఎక్కువ వాటిని స్లూటర్, ముల్డర్, స్టోపెండాల్ చెక్కారు. కొన్ని ప్రతులకు ఆమె మరో పద్ధతి వాడింది: అప్పుడే తీసిన అచ్చు సిరా ఆరకముందే దాని మీద తడి కాగితం పరిచి మళ్లీ యంత్రంలో నొక్కితే, బొమ్మ రెండోసారి తిరగబడి రేకు మీద ఉన్న దిశకే వస్తుంది. గీతలు పలచబడతాయి, రేకు అంచు నొక్కు కూడా కనిపించదు. పైన రంగులు వేస్తే చేత్తో గీసిన చిత్రమే అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా బాగా వివరించారు, ధన్యవాదాలు. అయితే ఆ బొమ్మలోని గవ్వను మన దక్షిణావర్త శంఖంతో పోల్చవచ్చా?

సమాధానం 1:
నిక్షేపంగా పోల్చవచ్చు. జీవశాస్త్రజ్ఞులు చుట్టల మొనను పైకి పెట్టి, నోటిని తమ వైపు తిప్పి చూస్తారు. అలా చూస్తే మామూలు శంఖం నోరు కుడివైపున, అరుదైన దక్షిణావర్తానిది ఎడమవైపున ఉంటుంది. మనవాళ్లు శంఖాన్ని తలకిందులుగా, తోకను పైకి పెట్టి చూస్తారు కనుక పేరు మారింది. ఆ లెక్కన రెంబ్రాంట్ అచ్చులోని గవ్వ దక్షిణావర్తమే.