చిన్న కయ్యలకు బాడుగ మిషన్లు: రేటు ఎట్ట కట్టాలి, వంతు ఎట్ట వేయాలి?

విడవలూరు_వరి:
మా ఊళ్లో అందరివీ ఎకరా, రెండెకరాల కమతాలే. అవీ 20, 30 సెంట్ల కయ్యలు (మడులు). రబీ దమ్ముకు బయటి ట్రాక్టర్లు ముందు పెద్ద రైతుల దగ్గరికే పోతాయి. పదిమందిమి గ్రూపు కట్టి 45 హెచ్‌పీ ట్రాక్టర్, మట్టి చిలికే ఆరడుగుల రోటవేటర్, బురదలో తిరిగే ఇనుప చక్రాలు (కేజ్ వీల్స్) కొని బాడుగకు తిప్పాలనుకుంటున్నాం. వరికోత మిషన్ కూడా కొనాలని కొందరి పట్టు. రేటు గంటకు పెట్టాలా, ఎకరాకు పెట్టాలా?

బాడుగ_లెక్క:
కోత మిషన్ జోలికి ఇప్పుడే పోవద్దన్నా. ఊరి కోతలన్నీ కొద్ది వారాల్లోనే అయిపోతాయి. మిగతా కాలం దాన్ని ఊరూరా తిప్పితేనే కిస్తీ తీరుతుంది. గ్రూపు ఆ పని చేయలేదు.

ట్రాక్టర్ లెక్క చూడండి. ధర 8 లక్షలు, పదేళ్ల తర్వాత 80 వేలు వస్తుందనుకుందాం. ఏటా తరుగుదల 72,000. సగటు పెట్టుబడి 4.4 లక్షలపై 12 శాతం వడ్డీ 52,800. ఇన్సూరెన్సు, షెడ్డుకు 16,000. మొత్తం 1,40,800. బండి కదలకపోయినా ఈ ఖర్చు తప్పదు. ఏడాదికి 1,000 గంటలు తిరిగితే గంటకు 141 పడుతుంది, 500 తిరిగితే 282, 250 అయితే 563. దీనికి డీజిల్, డ్రైవర్, రోటవేటర్ బ్లేడ్లు, ఆయిల్ కలపాలి. ఇవి మీ బిల్లులను బట్టి వేసుకోండి. సబ్సిడీ ఎంతొచ్చినా గంటలు రాకపోతే గ్రూపు నిలవదు. దమ్ము ఒక్కటే నమ్ముకోకుండా ట్రక్కు తోలకం, దుక్కి కూడా పట్టుకోండి.

ఎకరాకు రేటు పెడితే డ్రైవర్ గేరు పెంచి పైపైన లాగించేస్తాడు. గంటకు పెడితే చిన్న కయ్యలో మలుపులకు పోయే టైమంతా రైతు మీద పడుతుంది. నేనైతే గంటకే పెడతా. కయ్యలో దిగినప్పటి నుంచే లెక్క, దారి టైము గ్రూపు ఖర్చు. పాత రకం మీటర్ ఇంజిన్ ఆర్‌పీఎంను బట్టి తిరుగుతుంది, గడియారంతో కలవదు. దిగిన టైము, ఎక్కిన టైము ఫోన్లో రాసి రైతుకు చూపించండి, తగాదా ఉండదు.

తూము_కింద:
రేటు కన్నా వంతు దగ్గరే గ్రూపులు విడిపోతాయి. ముందు డబ్బు కట్టినోళ్లకు ముందు అన్నారంటే ట్రాక్టర్ ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు తిరగడమే సరిపోతుంది. కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కితే రోడ్డూ పోతుంది, చక్రాలూ పోతాయి. విప్పి బిగించడానికి టైము పడుతుంది. అందుకే తూము వారీగా రాయండి. సోమశిల డ్యాం నీళ్లు కాలువ మొదట్లో ముందు అందుతాయి, చివరకు ఆలస్యంగా. మిషన్ కూడా ఆ వరసనే పోవాలి. పక్కపక్క కయ్యలు కలిపి ఐదెకరాలైతేనే బుకింగ్ తీసుకోండి. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి కయ్య నానిందో లేదో కనుక్కోండి. నానకపోతే వాళ్ల వంతు అదే తూము చివరకు పోవాలి, వచ్చే వారానికి కాదు. ఏ గెనెం (గట్టు) తెగ్గొట్టి దిగాలో, తిరిగి ఎవరు వేయాలో ముందే తేల్చుకోండి.

ఇంకోటి, రోటవేటర్ లోతుగా దించి నాలుగైదు సాళ్లు తిప్పమంటారు. అడుగు గట్టిపొర చెదిరితే కోతకొచ్చిన మిషన్ దిగబడేది ఆ కయ్యలోనే.

విడవలూరు_వరి:
మరి కోతకు బయటి మిషనే గతి. గింజ రాలిపోతోందని అందరి గోల.

తూము_కింద:
సీజనుకు ముందే తూము కింది ఎకరాలన్నీ కలిపి ఒకే ఓనరుతో మాట్లాడుకోండి. మొదటి కయ్యలో మిషన్ వెనక చదరపు మీటరులో గడ్డి పక్కకు తీసి గింజలు ఎంచండి. సన్న రకాలు వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు. చదరపు మీటరుకు 100 గింజలుంటే ఎకరాకు 6 కిలోలు పోతున్నట్టు. 500 కనిపిస్తే ఆపి, ఫ్యాన్ గాలి తగ్గించి, జల్లెడలు చూసి, వేగం తగ్గించమనండి. విత్తనానికి ఉంచుకునే కయ్య అయితే ట్యాంకు, గింజను పైకెత్తే ఎలివేటర్ శుభ్రం చేయించండి, మొదటి బస్తాలు విడిగా పెట్టండి. లేకపోతే ముందు ఊరి రకం మీ విత్తనంలో కలుస్తుంది.

ఒంగోలు_నల్లరేగడి:
మా వైపు శనగకు ముందు కావాల్సింది సీడ్ డ్రిల్, అదే ట్రాక్టర్‌కు తగిలించే విత్తే మిషన్. అక్టోబరు, నవంబరు వానల తర్వాత పదును ఆరేలోపు అందరికీ ఒకేసారి విత్తాలి. కాబట్టి ట్రాక్టర్ ఒకటైనా డ్రిల్లులు రెండుండాలి. డ్రిల్లు ఎత్తి దాని చక్రం 20 చుట్లు తిప్పి పడిన గింజ తూచండి. చక్రం చుట్టుకొలత 1.2 మీటర్లు, ఆరు సాళ్లు 30 సెంటీమీటర్ల ఎడమైతే అది 43 చదరపు మీటర్లకు లెక్క. జేజీ 11 శనగ రకం ఎకరాకు 30 కిలోలు కావాలంటే 320 గ్రాములు పడాలి. రకం మారితే మళ్లీ తూచాల్సిందే. మిషన్ కోత అనుకుంటే ఎత్తు పెరిగే ఎన్‌బీఈజీ 47 వేయించండి. జేజీ 11 కింది కాయలు కట్టర్‌కు అందవు. డ్రిల్లును బండి కదులుతుండగానే దించాలి. ఆగి దించినా, దించి రివర్స్ కొట్టినా గొట్టాల్లో మట్టి ఇరుక్కుంటుంది. ఏ సాలు ఖాళీనో మొలకొచ్చేదాకా తెలీదు.