మూడు టైమ్ జోన్ల టీమ్‌కి రోజూ స్టాండప్ అవసరమా?

ప్రశ్న: మా బ్యాకెండ్ టీమ్ మూడు టైమ్ జోన్లలో ఉంది. స్టాండప్ (ఎవరేం చేస్తున్నారో చెప్పుకునే రోజువారీ చిన్న మీటింగ్) ఎప్పుడు పెట్టినా ఎవరో ఒకరికి అర్ధరాత్రే. కెమెరా ఆపేసి ఆవులిస్తున్నారు. తీసేద్దామంటే మేనేజర్‌కి టెన్షన్, "ఎవరేం చేస్తున్నారో ఎలా తెలుస్తుంది?" అంటారు. మీరెలా నెట్టుకొస్తున్నారు?

జవాబు 1: తీసేయండి. మా దగ్గర ఎవరి పని మొదలయ్యేటప్పుడు వాళ్లు టీమ్ చాట్ ఛానెల్‌లో రాస్తారు. "పని జరుగుతోంది" అంటే ఒప్పుకోను (ఆ మాట చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది). "పేమెంట్ రీట్రైలో డూప్లికేట్ ఎంట్రీలు పడుతున్నాయి, టేబుల్‌లో యూనిక్ కీ పెట్టాలి, రేపటిలోగా ఓకే కావాలి" అని ఉండాలి. అవతలివాళ్లు లేవగానే మళ్లీ ఏమీ అడగకుండా జవాబివ్వగలగాలి. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ తన హ్యాండ్‌బుక్‌ను నెట్‌లో అందరికీ తెరిచే ఉంచింది. అసింక్రనస్ పని (అందరూ ఒకే టైమ్‌లో ఉండక్కర్లేని పని) గురించిన భాగం మీ మేనేజర్‌కి పంపండి.

జవాబు 2: అన్నీ రాతతో తెగవండీ. డిజైన్ మీద వాదన ముదిరితే కాల్ చేసుకోవడమే మేలు. కొత్తగా చేరినవాళ్లకి మొదట్లో రోజూ కాల్ ఉండాల్సిందే. ఇంకోటి, మార్చిలో అమెరికా గడియారం గంట ముందుకు మార్చాక రెండు మూడు వారాలకి గానీ యూరప్ మార్చదు. ఆ మధ్యలో మీటింగ్ టైములు ఓసారి సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: సరే, ముందు వారానికి ఒక్క కాల్ ఉంచి, మిగతావి రాతలోకి మారుస్తాం. ఆ కాల్ టైమ్ కూడా వంతులవారీగా మారుస్తాం.