అప్‌డేట్: ఏడాదిన్నర దగ్గుకు కారణం గొంతు నరమే
ఏడాదిన్నరగా పొడిదగ్గు, గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు ఉంటోంది, సీటీ స్కాన్, ఎండోస్కోపీ అన్నీ నార్మల్ అని మొన్నామధ్య అడిగాను కదా. నరం సంగతి కనుక్కోమన్నవాళ్లకు చేతులెత్తి దండం.

ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి చూస్తే ఏమీ కనబడలేదు. కానీ ఇది జలుబు తర్వాత మొదలైందని, మాట్లాడినా, నవ్వినా, చల్లగాలి తగిలినా ముందు ఒకేచోట గరగర పుట్టి, ఆపైన దగ్గు తెర వస్తుందని ఓపిగ్గా విన్నారు. గొంతుకు వచ్చే వేగస్ నరం కొమ్మలు అతిగా స్పందిస్తే ఇలాగే ఉంటుందట. నాది నటన కాదని ఒకరు చెప్పేసరికి అక్కడే ఏడ్చేశాను.

రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ అనే, నరాల అతిస్పందన తగ్గించే మందు ఇచ్చారు. నోరు ఎండిపోతోంది, పొద్దున మత్తు వదలదు. నిజంగా పనిచేసింది మాత్రం స్పీచ్ థెరపీ. గరగర మొదలవగానే గుటక వేయాలి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి వదలాలి. మొదటి రెండు వారాలు అస్సలు కుదరలేదు, పట్టు వదలకండి.

మూడు నెలలైంది. దగ్గు పూర్తిగా పోలేదు, ఫోన్ ఎక్కువసేపు మాట్లాడితే ఇంకా వస్తోంది. రాత్రిళ్లు మాత్రం నిద్ర పడుతోంది.