‘ఎవరూ లేరు, అవ్వ ఉంది’: ఈ మాటలో అవ్వ ఏ లెక్కలోకి వస్తుంది?

సంక్రాంతికి ముందు తిరుపతిలో మా ఇంటికి ఒక పార్శిల్ వచ్చింది. తెచ్చిన అబ్బాయి ఫోన్ చేస్తే మా అన్న కొడుకు “ఇంట్లో ఎవురూ లేరన్నా, అవ్వ ఉండాది” అన్నాడు. ఆ అబ్బాయి రేపొస్తానని వెళ్లిపోయాడు.

అవ్వ వాడికి మూరెడు దూరంలో కూర్చుని నానిన అనపగింజలు పితుకుతోంది. పితికిన పప్పు తిన్నవాళ్లకు తెలుసు, గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు టక్కున ఎగిరి గిన్నెలో పడుతుంది. ఆ మాట తర్వాత మూడు పప్పులు వరసగా వాడి చెంపకే తగిలాయి.

రాత్రి అందరం ఆకలితో ఇల్లు చేరాం. పొయ్యి చల్లగా ఉంది. అవ్వ వరండాలో ఆకువక్క నములుతోంది. “అన్నం ఏదవ్వా?” అంటే, “ఇంట్లో ఎవురూ లేరంట గదా నాయనా, ఎవురు వండతారు?” అంది.

నన్ను పట్టుకున్నది ఆ ‘ఉండాది’. తాత ఉండాడు, అవ్వ ఉండాది, కుర్చీ ఉండాది. స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కానివే మహత్తులని, అంటే ‘ఉండాడు’ వరసవని, చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పింది మన వాకిట్లో రోజూ వినిపిస్తోంది. బహువచనంలో మాత్రం కథ మారుతుంది: కుర్చీలు ఉండాయి, అవ్వలు ఉండారు. ఒక్కతే ఉంటే వస్తువుల వరస, ఇద్దరైతే మనుషుల వరస!

అవ్వకు వ్యాకరణం తెలియదు గానీ కిటుకు దొరికింది. మర్నాడు ఎదురింటి అవ్వను, మూలింటి అవ్వను పిలిచి వరండాలో కూర్చోబెట్టుకుంది. ఫోన్ మోగగానే ముగ్గురూ మనవడి వైపు చూశారు. వాడు గుటక మింగి, “అవ్వలుండారన్నా, రా” అన్నాడు.

— ఒక పాఠకుల స్పందన: మాది నగరి. మా పక్క అరవం కూడా ఇంటి భాషే. అందులో ఆమె వస్తే ‘వందాళ్’, బస్సు వస్తే ‘వందదు’. కన్నడంలోనూ ‘బందళు’ వేరు, ‘బంతు’ వేరు. ఈ మూడింట్లో ఆమెకూ బస్సుకూ కలిపి ‘వచ్చింది’ అనేది మనమే.

— నా జవాబు: అవునండీ, అందుకే మనకు గౌరవవాచకం ఒక్కటే దారి. కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేర ముత్యాల హారతి ఇప్పటికీ తిరుమల ఏకాంతసేవలో ఇస్తారు. ఆమె గురించి ‘రాసింది’ అనడానికి నోరు రాదు, ‘రాశారు’ అంటాం. ఆ ‘రు’ ఇంట్లో అవ్వకూ దక్కాలని నా కోరిక. నిన్న ఫోన్లో “మా అవ్వ ఉన్నారు, ఇచ్చి వెళ్లండి” అన్నాను. అవ్వ తలుపు వైపు తొంగి చూసి, “ఇంకెవురొచ్చినారు?” అంది.