రామప్పంతులు వేసిన శంకరశాస్త్రి: జె.వి. సోమయాజులు గారి నటన గురించి

ప్రశ్న (విజయనగరం):
మా నాటక సమాజంలోని కుర్రవాళ్లకు జె.వి. సోమయాజులు గారి గురించి చెప్పే పని నాకు అప్పగించారు. ఆయన పేరెత్తగానే అందరూ ‘శంకరాభరణం’ అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. 1980లో ఆ చిత్రం విడుదలయ్యే నాటికి ఆయనకు యాభై దాటాయి. అంతకు ముందరి జీవితాన్ని పక్కనపెట్టి ఆ నటనను అర్థం చేసుకోవడం సాధ్యమేనా? తరువాతి చిత్రాలలో ఏవి చూపించాలో కూడా పెద్దలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం (శ్రీకాకుళం):
అయ్యా, సాధ్యం కాదనే నా అభిప్రాయం. 1928లో మా జిల్లాలోని లుకలాం అగ్రహారంలో పుట్టిన సోమయాజులు గారు, రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు దాకా ఉద్యోగం చేస్తూనే, తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి గురజాడ వారి ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ఏళ్ల తరబడి ఆడారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు. ‘శంకరాభరణం’లోని సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రిని మాత్రమే ఎరిగినవారు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. వ్యాజ్యాలు పెట్టించడం, పెళ్లిళ్లు కుదిర్చి డబ్బు దండుకోవాలని చూడడం, వేశ్య మధురవాణి దగ్గర గొప్పలు పోవడం, చివరకు ఆమె కంటె (మెడలో వేసుకునే నగ) తిరిగి తేలేక నానా అవస్థా పడడం, ఇదీ పంతులు. ఆ పాత్రకు నోరే ఆస్తి. శంకరశాస్త్రి దానికి పూర్తిగా ఎదురు. తనను గురువుగా ఆరాధించే తులసితో ఆయన మాట్లాడేది అతి తక్కువ, పాటలో వినిపించే గొంతు బాలసుబ్రహ్మణ్యం గారిది. మిగిలినవల్లా చూపు, కూర్చున్న తీరు, చేయి ఎత్తే పద్ధతి. వీటితోనే ఆయన ఆ పాత్రను నిలబెట్టారు. పంతులు వేషంలో మాటకు ఎంత బలముందో చూసినవారు కాబట్టే, ఇక్కడ దానిని అంత నిబ్బరంగా అణచుకోగలిగారని నేను నమ్ముతాను.

సమాధానం (విజయనగరం):
పై మాటలతో ఏకీభవిస్తాను గాని, ఒక్క విషయం చేర్చాలి. ఆ నాటకానికి దర్శకత్వం వహించినవారు రమణమూర్తి గారు. అన్నగారిని తలచుకుని తమ్ముణ్ణి విడిచిపెట్టడం మనకు అలవాటైపోయింది, అది నాకు బాధ కలిగిస్తుంది. 1957లో ‘ఎం.ఎల్.ఎ.’తో సినిమాలకు వెళ్లిన రమణమూర్తి గారు, అన్నగారికి శంకరశాస్త్రి వేషం దక్కే నాటికే రెండు దశాబ్దాలకు పైగా అక్కడ ఉన్నారు. ఇద్దరి గురించీ కలిపి చెప్పండి.

చిత్రాల విషయానికి వస్తే, 1981లో వచ్చిన ‘సప్తపది’ తప్పక చూపించండి. జీవితమంతా ఆచారాన్ని నమ్మిన యాజులు, తన మనుమరాలిని ఆమె మనసిచ్చిన దళిత యువకుడితో పంపడానికి సిద్ధపడేవరకు పడే మథనం అందులో ఉంది. నా దృష్టిలో అది శంకరశాస్త్రి కంటే కష్టమైన పాత్ర. అదే ఏడాది బాపు గారు తీసిన ‘త్యాగయ్య’ తరువాత చూపించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుగా కుర్రవాళ్ల చేత కంటె రంగాన్ని చదివించి, ఆ తరువాతే సినిమాలు వేస్తాను. గిరీశం, పంతులు వేషాలకు ఇద్దరు ఇప్పటికే ముందుకు వచ్చారు.