విదేశీ లీగుకు వెళ్ళిన వాలీబాల్ ఆటగాడు జాతీయ జట్టుకు నష్టమా? జిమ్మీ జార్జ్ ఉదాహరణపై చర్చ

వెనకలైను:
మా జిల్లా జట్టులోని ఒక కుర్రాడికి గల్ఫ్‌లోని క్లబ్బు నుంచి పిలుపు వచ్చింది. ఆ మాట తెలిసిన రోజు సాయంత్రమే మా పెద్ద కోచ్‌గారు కేరళకు చెందిన పాతతరం వాలీబాల్ ఆటగాడు జిమ్మీ జార్జ్ సంగతి ఎత్తారు. ఆయన 1979లో అబుధాబీకి, 1982లో ఇటలీకి వెళ్ళిపోయారనీ, ఆ ఏడాది మన గడ్డ మీదే జరిగిన ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు ఆయన లేకుండా ఆడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నదనీ గుర్తుచేశారు. నేనూ దాదాపు అదే పక్షం. విశ్వవిద్యాలయ జట్టు, పోలీసు జట్టు కలిసి తీర్చిదిద్దిన ఆటగాణ్ణి తీరా అవసరం వచ్చేసరికి పరాయి క్లబ్బు వాడుకోవడం న్యాయమేనా? ఈ విషయంలో జాతీయ వాలీబాల్ సమాఖ్యకు వీటో అధికారం, అంటే వద్దని ఆపే హక్కు, ఉండాలని నా వాదన.

ఆరో నంబరు:
మీ కోచ్‌గారు కథను సగం దగ్గర ఆపేశారండీ. జిమ్మీ జార్జ్‌ది కన్నూరు జిల్లాలోని పేరావూరు. ఎనిమిది మంది అన్నదమ్ములూ వాలీబాల్ ఆడిన ఇల్లు అది. ఆయన వైద్యవిద్యను మధ్యలో వదిలేసి కేరళ పోలీసులో చేరారు, ఇరవై ఒక్క ఏళ్ళకే అర్జున అవార్డు అందుకున్నారు. ఇక మీరు చెప్పని మిగతా సగం 1986 నాటిది. సియోల్ ఆసియా క్రీడల్లో మన జట్టు జపాన్‌ను ఓడించి కాంస్యం గెలిచినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నారు. 1962 జకార్తా రజతం తర్వాత పురుషుల వాలీబాల్‌లో ఇరవై నాలుగేళ్ళకు మనకు దక్కిన పతకం అది. ఆ తర్వాత 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలతో సహా ఎక్కడా మరొకటి రాలేదు. ఇటలీ ఆట రుచి చూసిన మనిషి జట్టులో ఉన్నప్పుడే ఆ పతకం వచ్చిందన్న సంగతిని పక్కన పెట్టి, 1982 ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పడం నాకు సబబుగా తోచదు.

ఇంకొకటి, తేదీలు చూడండి. ఢిల్లీ క్రీడలు నవంబరు 19న మొదలై డిసెంబరు 4న ముగిశాయి. శరత్కాలంలో మొదలై వసంతం దాకా సాగే యూరప్ లీగులకు అది నడిమధ్య కాలం. సియోల్ క్రీడలు సెప్టెంబరు 20న మొదలై అక్టోబరు 5కల్లా ముగిసిపోయాయి, అంటే లీగు సీజను ఇంకా ఊపందుకోని రోజుల్లోనే. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, ఈ తేడాను చూడకుండా దేశభక్తి కొలబద్ద తీయడం తొందరపాటు.

వెనకలైను:
క్యాలెండరు సంగతి ఒప్పుకుంటాను. అయితే నా ప్రశ్న అలాగే ఉంది. తేదీలు ఢీకొన్నప్పుడు ఎవరి మాట చెల్లాలి? ఒక సియోల్‌ను చూపించి ప్రతి ఆటగాడూ తిరిగి వస్తాడని నమ్మమనడం కూడా సబబు కాదు.

ఆరో నంబరు:
అందుకే దక్షిణ కొరియా వాలీబాల్ క్రీడాకారిణి కిమ్ యోన్ కియోంగ్ పేరు ఎత్తుతున్నాను. 2009లో జపాన్ క్లబ్బుకు, 2011లో ఇస్తాంబుల్‌లోని ఫెనెర్‌బాచెకు వెళ్ళారు. 2012లో ఆ క్లబ్బుతో యూరప్ ఛాంపియన్స్ లీగు గెలిచారు, అదే వేసవిలో లండన్ ఒలింపిక్స్‌లో కొరియా నాలుగో స్థానంలో నిలిచినా ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆమెకే దక్కింది. టోక్యోలో మళ్ళీ జట్టును సెమీఫైనల్‌కు చేర్చారు. ఒలింపిక్స్ వేసవిలో, క్లబ్బుల సెలవు రోజుల్లో జరుగుతాయి కనుక ఆమెకు రెండూ కుదిరాయి. మరి చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సొంత దేశపు క్లబ్బుతోనే. ఆరు సీజన్లు ఆడితే తప్ప మరో క్లబ్బుకు వెళ్ళే స్వేచ్ఛ లేదని వాళ్ళు, ఒప్పందం ముగిసింది కనుక నేను స్వేచ్ఛాజీవినని ఆమె. మీరు కోరే వీటో అంటే అచ్చంగా అదే. ఆ తగవు వల్ల కొరియా జట్టుకు ఒరిగింది ఏమిటో నాకు కనిపించలేదు.

నెట్‌పోస్టు:
వీటో రుచి చూసిన వాణ్ణి కనుక ఒక మాట. క్రీడాకోటాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నాకు ఒక విదేశీ క్లబ్బు ఆరు నెలల ఒప్పందం పంపింది. అంతర్జాతీయ బదిలీ పత్రం సమాఖ్య ఇవ్వాలి, దానికి ముందు ఉద్యోగమిచ్చిన సంస్థ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, ఇవ్వాలి. నా దరఖాస్తు మీద మొదటి గదిలో ఎర్ర సిరాతో 'చర్చించండి' అని రాశారు. రెండో గదిలో దాని కిందే పచ్చ సిరాతో 'చర్చించాము, పైకి పంపండి' అన్నారు. పైకి వెళ్ళిన కాగితం కిందికి దిగేసరికి అక్కడి లీగు సగం అయిపోయింది. ఎవరూ వద్దనలేదు సుమా! ఆ ఏడాది నన్ను జాతీయ శిబిరానికి కూడా పిలవలేదు. అంటే నన్ను ఎవరి కోసం ఆపారో నాకు నేటికీ అర్థం కాలేదు. అధికారం ఇస్తే దానికి గడువు కూడా పెట్టాలి, పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అని రాసుకోవాలి.

ఆరో నంబరు:
గడువు ఒక్కటే చాలదు, ఒప్పందంలోనే విడుదల షరతు ఉండాలి. ఫలానా పోటీలకు జాతీయ జట్టు పిలిస్తే క్లబ్బు పంపాలి అని ముందే రాయించుకుంటే సమాఖ్యకు కర్ర పట్టుకునే పని ఉండదు. జిమ్మీ జార్జ్ 1987 నవంబరు 30న ఇటలీలోనే కారు ప్రమాదంలో, ముప్పై రెండేళ్ళకే పోయారు. మోంటికియారి పట్టణంలో ఆయన పేరిట పాలాజార్జ్ అనే ఇండోర్ స్టేడియం ఉంది, తిరువనంతపురంలోనూ ఒకటి ఉంది. ఆయన అక్కడ నేర్చుకున్న సాధన పద్ధతులను కూర్చోబెట్టి రాయించుకున్న వారు మాత్రం నాకు తెలిసి ఇక్కడ లేరు. మనకు జరిగిన నష్టం అదేనంటాను, ఆయన వెళ్ళడం కాదు.

వెనకలైను:
చివరి మాటతో ఏకీభవిస్తాను, వీటో మీద మాత్రం పూర్తిగా దిగిరాలేదు. గడువుతో కూడిన వీటో అయితే ఆలోచిస్తాను. ఈ సాయంత్రం కుర్రాడి ఒప్పందం తెప్పించుకుని చదివాను. మూడు పేజీలు. విమానం టిక్కెట్లు, ఉండటానికి గది, గాయమైతే వైద్యం, అన్నీ ఉన్నాయి. జాతీయ జట్టు పిలుపు గురించి ఒక్క వాక్యమూ లేదు. సంతకం సోమవారం పెట్టాలట. ఆ షరతును ఎలా రాయించాలో ఇక్కడ ఎవరికైనా తెలిస్తే ఆదివారం లోగా చెప్పండి.